ఎవరూ తెలియని ఊరే నచ్చింది... తప్పా?

ప్రశ్న: నా వయసు 27. మాది గుంటూరు. న్యూజెర్సీలో ఎమ్మెస్ చేసి, జెర్సీ సిటీలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఉంటూ డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఉద్యోగం చేసేందుకు కావలసిన హెచ్-1బి వీసా లాటరీలో రెండుసార్లు పేరు రాలేదు. చదువు తర్వాత కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతి గడువు వచ్చే జులైతో అయిపోతుంది. ఇప్పుడు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో, విశ్వవిద్యాలయ వైద్య విభాగంలో ఉద్యోగం వచ్చింది. అమ్మ ఆ ఊరి పేరే వినలేదంటోంది. నాన్న అక్కడి కాల్పుల వార్తలు వెతికి పంపుతున్నారు. డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి, ‘ఆ ఉద్యోగం వద్దు, మా ఇంట్లో ఉండి ఇక్కడే వెతుక్కో, మనవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు’ అంటున్నాడు. అక్కడే ఒక సంబంధం కూడా చూశారు. పెళ్ళికాని, ఒంటరిగా ఉద్యోగం చేసుకునే నాలాంటి అమ్మాయికి అమెరికా దక్షిణాదిలోని ఒక మోస్తరు ఊరు సరిపోతుందా? నిజం చెప్పాలంటే, అక్కడ నాకు ఎవరూ తెలియరన్న సంగతే నాకు బాగా నచ్చింది. అలా అనిపించినందుకు తప్పు చేసినట్టుగా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలే అసలు ఉత్తరం. మిగతాదంతా వాటికి ముందుమాట. వాటి దగ్గరికి వస్తాను గానీ, ముందు ఊరి సంగతి చూద్దాం. ఆ ఊరు నాకు కొంత తెలుసు. చాలా ఏళ్ళ కిందట, పెళ్ళి కాకముందు, చదువులో భాగంగా ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. మొన్నామధ్య మళ్ళీ వెళ్ళి వచ్చాను.

ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. అమెరికా ఏటా ఇచ్చే కొత్త హెచ్-1బి వీసాలకు 85,000 పరిమితి. 65,000 అందరికీ, 20,000 అక్కడే పీజీ చేసినవారికి. విశ్వవిద్యాలయాలకు ఆ పరిమితి వర్తించదు. అంటే మీ పేరు రెండుసార్లు రాని ఆ లాటరీ ఈ ఉద్యోగానికి లేదు. ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. ఇందులో మెలిక కూడా ఉంది. రేపు అక్కడి నుంచి ప్రైవేటు కంపెనీకి మారాలంటే మళ్ళీ లాటరీలో నిలబడాల్సిందే. జులైకి ముందే వీసా దరఖాస్తు వేస్తారా లేదా అన్నది వాళ్ళ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించిన తర్వాతే సంతకం పెట్టండి. ఇక అన్నయ్యగారి మాటకు వస్తే, ఉన్న ఉద్యోగం వదిలి వాళ్ళింట్లో కూర్చుని వెతుక్కోవడానికి మీకు గడియారం అడ్డు. సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవారికి ఇచ్చే స్టెమ్ పొడిగింపుతో కలిపి ఓపీటీ మొత్తంలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 150 రోజులు. ఇదివరకు ఖాళీగా ఉన్న రోజులూ అందులోకే వస్తాయి. ఆయన ప్రేమతోనే అన్నారు, కాదనను. ఈ లెక్క ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు.

ఇప్పుడు ఊరు. 1871లో బొగ్గు, ఇనుము, సున్నపురాయి పక్కపక్కనే దొరికాయని కట్టిన ఊరది. అంత వేగంగా పెరిగిందని ‘మ్యాజిక్ సిటీ’ అన్నారు. ఉక్కు పోయింది, ఇప్పుడు ఊరిని ఆసుపత్రి పోషిస్తోంది. మీకు ఉద్యోగమిచ్చిన విశ్వవిద్యాలయమే రాష్ట్రంలోకెల్లా ఎక్కువమందికి పని ఇచ్చే సంస్థ. 2020 లెక్కల ప్రకారం ఊళ్ళో జనం రెండు లక్షలు. మీ గుంటూరులో మూడో వంతు కూడా కాదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలుపుకుంటే పదకొండు లక్షల దాకా తేలుతుంది. కొండమీద 56 అడుగుల ఇనుప విగ్రహం ఉంటుంది. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్, కమ్మరి పని చేసే దేవుడు. ముందు కట్టుకున్న తోలు గుడ్డ తప్ప ఒంటిమీద ఏమీ లేదు. వీపు వైపు ఉన్న పక్క ఊరు హోమ్‌వుడ్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ దృశ్యం మీద జోకులు వేసుకుంటూనే ఉన్నారు. మీ అమ్మగారికి ఫొటో పంపేటప్పుడు ముందువైపునుంచి తీసిందే పంపండి.

ఈ ఊరు ఒంటరి యువతకు సరిపోతుందా అని మీరు నన్ను అడిగారు. వారంలో ఆరు రోజులు సరిపోతుంది. అద్దెలు మీకు తేలిగ్గా అనిపిస్తాయి. జెర్సీ సిటీలో ముగ్గురు కలిసి ఉండేవాళ్ళు అక్కడ ఎవరి ఇల్లు వాళ్ళు తీసుకోగలరు. ఊరికి 1 శాతం వృత్తి పన్ను, కొనే వస్తువుల మీద 10 శాతం అమ్మకపు పన్ను ఉంటాయి, అవీ లెక్కలో వేసుకోండి. అవొండేల్, హైలాండ్ పార్క్ లాంటి పేటల్లో మీ వయసు వాళ్ళు బాగానే కనిపిస్తారు. 2010లో రైలు పట్టాల పక్కన కట్టిన పార్కులో సాయంత్రాలు నడవవచ్చు. కారు మాత్రం లేకపోతే కుదరదు. 2022లో ఒక దారిలో వేగంగా వెళ్ళే బస్సులు వేశారు, అంతే. రైలెక్కి ఆఫీసుకు వెళ్ళే అలవాటు జెర్సీలోనే వదిలేసి రావాలి.

ఆ ఏడో రోజు ఆదివారం. ఉదయం ఊరంతా చర్చిలో ఉంటుంది, మధ్యాహ్నం ఊరంతా బంధువుల ఇళ్ళలో ఉంటుంది. సాయంత్రం అయిదు గంటలకు మీకు మీ వంటగది తప్ప ఏమీ ఉండదు. ఆ ఊళ్ళో నేను ఏడ్చిన రోజులన్నీ ఆదివారాలే. అందుకే ఉద్యోగానికి సరేననేముందు ఒకసారి వెళ్ళి రండి. శుక్ర, శనివారాలు చూసి తిరిగి వచ్చేస్తే లాభం లేదు. ఆదివారం రాత్రి అక్కడే ఉండి సోమవారం విమానం ఎక్కండి.

నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. మనవాళ్ళ మధ్య ఉంటే ధైర్యమని ఊరికి దూరంగా, మన కుటుంబాలు ఎక్కువున్న శివారులో ఇల్లు తీసుకున్నాను. వాళ్ళు చాలా మంచివాళ్ళు. పండక్కి పిలిచేవారు, పులిహోర కట్టిచ్చేవారు. కానీ పెద్దవాళ్ళ మాటల్లోకి నేను చిన్నపిల్లను, పిల్లల ఆటల్లోకి పెద్దదాన్ని. ప్రతి భోజనానికీ చివర ఒకే ప్రశ్న, ‘ఏమ్మా, ఇంట్లో ఏమైనా చూస్తున్నారా?’ మీరు ఆసుపత్రికి దగ్గర్లో, ఊళ్ళోనే ఉండండి. సరుకులకు శివారులోని హూవర్ వెళ్ళండి, గుడికి ఇంకో శివారు పెల్హమ్ వెళ్ళండి, మీకు వెళ్ళాలనిపించిన రోజున.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆయన పంపుతున్న వార్తలు నిజమే. 2024 ఆ ఊరికి చాలా చెడ్డ సంవత్సరం, హత్యలు 150 దాటాయి. ఆ సెప్టెంబరు 21 రాత్రి ఫైవ్ పాయింట్స్ సౌత్ అనే చోట ఒక లాంజ్ బయట జరిగిన కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఆ చోటు మీ విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరం. పగలు మీరు కాఫీ తాగడానికి వెళ్ళే పేటే అది. రాత్రి పన్నెండు తర్వాత బార్ల ముందు గుమిగూడే జనంలో ఉండకపోవడం, కారు ఎక్కడ నిలిపామో చూసుకోవడం, ఇంటి యజమానిని కాకుండా పక్కింటివాళ్ళను అడిగి ఇల్లు తీసుకోవడం మన చేతుల్లో ఉన్నవి. మిగతాది ఆ దేశంలో ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. ఇంకొకటి, ఇల్లు చూసేటప్పుడు టోర్నడో వస్తే ఎక్కడ దాక్కోవాలో అడగండి. 2011 ఏప్రిల్ 27న వచ్చినది ఊరి శివార్లను ఊడ్చేసింది. కింది అంతస్తు, కిటికీలు లేని లోపలి గది ఒకటి ఉంటే మంచిది.

రంగు గురించి మీరు అడగలేదు, మీ నాన్నగారు అడిగి ఉంటారు. 1963 సెప్టెంబరు 15న ఆ ఊళ్ళోని ఒక నల్లజాతివారి చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలను చంపారు. ఆ చర్చి ఇప్పటికీ ఉంది, దాని ఎదుటే 1992లో పౌరహక్కుల మ్యూజియం తెరిచారు. ఈరోజు ఆ ఊళ్ళో మూడింట రెండు వంతుల మంది నల్లజాతివారే. మీ మొదటి వారాంతంలోనే వెళ్ళి చూడండి. మీతో పనిచేసే నర్సు తల్లి ఆ రోజుల్లో బడికి వెళ్ళిన పిల్ల అయి ఉండవచ్చు. అది తెలిసి మాట్లాడితే ఆ ఊరు మీతో వేరేగా మాట్లాడుతుంది.

మనుషులు నెమ్మదస్తులు, మర్యాదస్తులు. ‘మీరు ఏ చర్చికి వెళ్తారు?’ అని మొదటి పరిచయంలోనే అడుగుతారు, నొచ్చుకోకండి. మనం రైల్లో పక్క సీటువాళ్ళను ‘ఏ ఊరండీ మీది?’ అంటామే, అదే. ‘గుడికి వెళ్తాను’ అంటే అంతే ఆసక్తిగా వింటారు. రెండో ప్రశ్న, ‘అలబామానా, ఆబర్నా?’ అంటే ఆ రెండు విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లలో ఎవరి పక్షం అని. ఏదో ఒకటి చెప్పేయండి. తటస్థంగా ఉంటానంటే అనుమానిస్తారు. మూడోది మాత్రం మీకు నవ్వు తెప్పిస్తుంది. అక్కడ పెళ్ళిళ్ళు త్వరగా అవుతాయి. మీ వయసు సహోద్యోగులకు ఇద్దరేసి పిల్లలుంటారు. గుంటూరులో వదిలించుకున్న ప్రశ్నను దక్షిణాది యాసలో, ‘హనీ’ అని చివర చేర్చి మళ్ళీ అడుగుతారు.

తిండికి దిగులుపడకండి. బెండకాయ వేపుడు, అలసందలు, ఆకుకూరలు, రోడ్డు పక్కన పెద్ద కుండల్లో ఉడికించి అమ్మే వేరుశనగకాయలు అన్నీ అక్కడివాళ్ళ సొంత తిండే. అలసందలైతే కొత్త సంవత్సరం రోజు తప్పకుండా తినాలి, అదృష్టమని వాళ్ళ నమ్మకం. ఆకుకూరల్లో పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, మీరు తినకపోతే అడిగి తినండి.

ఇక సంబంధాలు. దాచను, ఆ ఊళ్ళో మీ వయసున్న, పెళ్ళికాని తెలుగు అబ్బాయిలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. అట్లాంటా రెండు గంటల పైచిలుకు దూరం, గడియారం అక్కడ గంట ముందుంటుంది. స్నేహితుల కోసం నెలకోసారి వెళ్ళి రావచ్చు. రెండేళ్ళలో పెళ్ళి చేసుకోవాలని మీకే గట్టిగా ఉంటే, ఆ అబ్బాయి ఎవరైనా మీకు ముందు ఫోనులోనే పరిచయమవుతాడు. అది జెర్సీలో ఉన్నా అంతే కదా.

ఇప్పుడు మీ చివరి వాక్యాలు. ఉత్తరం రెండుసార్లు చదివాను. డాలస్ సంబంధం గురించి ఒక్క ముక్క రాశారు. ఆ అబ్బాయి గురించి అర ముక్క కూడా లేదు. ఏం చేస్తాడు, మాట్లాడారా, నచ్చాడా, నచ్చలేదా? నాకు తోచేదేమిటంటే, బర్మింగ్‌హామ్ మీకు రెండు పనులు చేసిపెడుతోంది. వీసా ఇస్తోంది, ‘వద్దు’ అన్న మాట మీ బదులు తానే చెప్తోంది. మొదటి పనికి దాన్ని వాడుకోండి. రెండోదానికి వద్దు. ఉద్యోగాన్ని అడ్డుపెట్టి తప్పించుకుంటే ఏడాది తిరిగేసరికి అదే సంబంధమో, అలాంటి ఇంకొకటో మళ్ళీ వస్తుంది, అప్పుడు అడ్డుపెట్టడానికి ఇంకో ఊరు వెతుక్కోవాలి. ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడండి. నచ్చకపోతే అమ్మతో విడిగా, ఉద్యోగం ఊసెత్తకుండా, నచ్చలేదని చెప్పండి. నచ్చితే మాత్రం, కొంతకాలం ఈ ఉద్యోగంలోనే ఉండాలనుకుంటున్న సంగతి అతనికే మొదట చెప్పి, ఏమంటాడో వినండి. ఆ జవాబుతో అతని గురించి మీకు చాలా తెలుస్తుంది.

ఎవరూ తెలియని చోట ఉండాలనిపించడానికి సిగ్గుపడకండి. మీరు పుట్టినప్పటినుంచి ఎవరో ఒకరి కళ్ళ ముందే ఉన్నారు. ఇంట్లో, హాస్టల్లో, ఇప్పుడు ముగ్గురున్న ఇంట్లో. ఇరవై ఏడేళ్ళకు కాస్త నిశ్శబ్దం కావాలనుకోవడం అమ్మానాన్నల మీద ప్రేమ తగ్గడం కాదు. నాకున్న ఒక్క సందేహం వేరు. నిశ్శబ్దం ఎవరికి కావాలో వాళ్ళే అందులో ఎక్కువ మునిగిపోతారు. అందుకని వారంలో ఒక పని, ఒకే రోజు, ఒకే గంటకు, నలుగురున్న చోట పెట్టుకోండి. కుండల తరగతి కావచ్చు, షటిల్ ఆట కావచ్చు, గుడిలో పిల్లలకు లెక్కలు చెప్పడం కావచ్చు. అది ఆదివారం సాయంత్రం అయితే ఇంకా మంచిది.

అన్నయ్యగారికి మీరే ఫోను చేసి, లాటరీ లెక్క, 150 రోజుల లెక్క చెప్పి, థాంక్స్‌గివింగ్‌కి డాలస్ వస్తున్నానని చెప్పండి. వదినగారితో కూడా విడిగా మాట్లాడండి. ‘మా ఇంట్లో ఉండు’ అని అన్నయ్య అంటే ఇల్లు నడిపేది ఆవిడ కదా, ఊపిరి పీల్చుకున్నా పీల్చుకోవచ్చు. అమ్మకు ఆ ఊరి పేరు నోరు తిరిగేదాకా రోజూ చెప్పండి.

నాన్నగారికి మాత్రం ఊరు ఎంత భద్రమో నచ్చజెప్పే ప్రయత్నం చేయకండి, గెలవరు. ఏ కారు కొనాలో అడగండి. పాతదా కొత్తదా, ఎన్ని మైళ్ళు తిరిగింది, టైర్లు ఎలా ఉన్నాయి, బీమా ఎంత, ఇదంతా ఆయన మీద వేయండి. వారం రోజుల్లో కాల్పుల వార్తలు తగ్గి కార్ల ఫొటోలు రావడం మొదలవుతుంది.