షైజోకైట్రియంలో డీశాచురేజ్‌లు దొరకట్లేదా? వెతకాల్సిన ఎంజైమ్ వేరే ఉంది

షైజోకైట్రియం అనే సముద్రపు ఏకకణ జీవి జన్యువుల్లో డీశాచురేజ్‌ల (కొవ్వు ఆమ్లాల్లో ద్విబంధాలు పెట్టే ఎంజైమ్‌ల) వరస పూర్తిగా దొరకడం లేదు, మరి అంత డీహెచ్‌ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) ఎలా తయారవుతోంది అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మీరు వెతకడంలో తప్పేమీ లేదు. ఫియోడాక్టిలమ్ లాంటి డయాటమ్‌లలో (ఇవి ఏకకణ ఆల్గే) 18 కార్బన్ల కొవ్వు ఆమ్లపు గొలుసుకి ఒక ఎంజైమ్, అంటే డీశాచురేజ్, ఆక్సిజన్ వాడి ద్విబంధం పెడుతుంది, ఇంకోటి 2 కార్బన్లు కలుపుతుంది, అలా అంచెలంచెలుగా ఈపీఏ అనే మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం వస్తుంది. షైజోకైట్రియంలో మాత్రం పాలీకీటైడ్ సింథేజ్‌ని (కార్బన్ గొలుసులు కట్టే పెద్ద ఎంజైమ్‌ని) పోలిన 3 పెద్ద ప్రోటీన్లు కలిసి, ఆక్సిజన్‌తో పనిలేకుండా, గొలుసు కడుతున్నప్పుడే ద్విబంధాలు కూడా పెట్టేస్తాయి. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది.

నాకు భలే నచ్చే విషయం ఏంటంటే, ఇలాంటి జన్యువులే షెవనెల్లా అనే సముద్ర బాక్టీరియాలోనూ ఉన్నాయి, అందుకే ఇవి తల్లి కణం నుంచి వారసత్వంగా కాకుండా ఒక జీవి నుంచి వేరే జాతి జీవికి నేరుగా చేరి ఉంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

కాబట్టి డీశాచురేజ్‌లు పక్కనపెట్టి, ఏసీపీ డొమైన్ (తయారవుతున్న గొలుసును పట్టుకుని ఉండే ప్రోటీన్ భాగం) వరసగా 9 సార్లు వచ్చే పొడవాటి ప్రోటీన్ కోసం చూడండి. అన్నట్టు, షైజోకైట్రియం అసలు ఆల్గే కాదు, డయాటమ్‌లకు దూరపు చుట్టం, దీనికి క్లోరోప్లాస్ట్ ఉండదు, రిపోర్టులో అలాగే రాయండి.