గైడ్ డాగ్ సంగతి తర్వాత, ముందు తమ్ముడి చేతికి తెల్లకర్ర ఇవ్వండి

ప్రశ్న: "న్యూజెర్సీలో ఉంటున్నాం. మా తమ్ముడికి 29 ఏళ్లు, రెటినైటిస్ పిగ్మెంటోసా. చీకటి పడితే ఏమీ కనపడదు, పగలు ఎదురుగా ఉన్నదొక్కటే కనపడుతుంది. తెల్లకర్ర పట్టుకోమంటే నలుగురూ చూస్తారని ఒప్పుకోవడం లేదు. గైడ్ డాగ్ ఇప్పించాలంటే ఏం అర్హత ఉండాలి? బంగారు రంగు లాబ్రడార్ కావాలని అడగొచ్చా? ఆన్‌లైన్‌లో 80 డాలర్లకు సర్వీస్ డాగ్ సర్టిఫికెట్ ఇస్తున్నారు, అది సరిపోతుందా?"

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతా. ఆ 80 డాలర్లు జేబులోనే ఉంచుకోండి. అమెరికాలో సర్వీస్ డాగ్‌కి తప్పనిసరి రిజిస్ట్రేషన్ అనేదే లేదు. వైకల్యం ఉన్నవాళ్ల హక్కులు కాపాడే ఏడీఏ చట్టం ప్రకారం షాపువాళ్లయినా హోటల్‌వాళ్లయినా రెండే ప్రశ్నలు అడగొచ్చు. వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా ఇది? ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? అంతే. కార్డు చూపించమనకూడదు, జబ్బేమిటని ఆరా తీయకూడదు. ఇంట్లో ముద్దుగా పెంచుకునే కుక్కకి ఎర్ర జాకెట్ తొడిగి సూపర్‌మార్కెట్‌లో తిప్పేవాళ్ల పుణ్యమా అని నిజంగా కళ్లు లేనివాళ్లను గుమ్మం దగ్గర నిలదీస్తున్నారు. ఆ ఎనభై డాలర్ల కార్డు కొన్న ప్రతివాడికీ అందులో వాటా ఉంది.

ఇక అర్హత. గైడ్ డాగ్ స్కూళ్లు అడిగే మొదటి కాగితం కంటి డాక్టర్ రిపోర్టు. లీగల్లీ బ్లైండ్ అని అందులో తేలాలి. దానికి రెండు దారులున్నాయి. మంచి కంటికి అద్దాలు పెట్టినా చూపు 20/200 దాటకపోవడం (మామూలువాళ్లకు 200 అడుగుల నుంచి కనపడేది 20 అడుగుల దగ్గరికొస్తేనే కనపడటం) ఒకటి, చూపు పరిధి 20 డిగ్రీలకు మించకపోవడం రెండోది. ఆర్‌పీ, అంటే మీ తమ్ముడికున్న రెటినైటిస్ పిగ్మెంటోసా, ఉన్నవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. సూటిచూపు 20/40 ఉండొచ్చు, అక్షరాలన్నీ గడగడా చదివేయొచ్చు, పరిధి మాత్రం పైపులోంచి చూసినట్టు పది డిగ్రీలే ఉండొచ్చు. డాక్టర్ హడావుడిగా సూటిచూపు ఒక్కటే రాసి సంతకం పెడితే ఫైలు వెనక్కొస్తుంది. విజువల్ ఫీల్డ్ పరీక్ష చేయించి ఆ చార్టు కూడా జతచేయమని మీరే నోరు తెరిచి అడగండి. (మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో ఇదేమీ కొత్త జబ్బు కాదు. రేచీకటి అని పేరుపెట్టి, క్యారెట్లు తినిపించి, పదిహేనేళ్లు కాలక్షేపం చేయడం మన ఆనవాయితీ.)

రెండోది ఒంటి ఆరోగ్యం. రోజూ మైలో రెండు మైళ్లో నడవగలగాలి, ఎండైనా మంచైనా. మూడోదే అసలుది: ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ శిక్షణ. ఇక్కడివాళ్లు ఓ అండ్ ఎం అంటారు. తెల్లకర్రతో ఒంటరిగా నడవడం వచ్చని ఆ ఇన్‌స్ట్రక్టర్ రాసివ్వాలి. కర్ర పట్టుకోవడం నామోషీ అయి కుక్కను అడిగేవాళ్లు ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

కుక్క ఉండగా కర్ర ఎందుకని అడుగుతారు. కుక్కకి అడ్రసు చెబితే తీసుకెళ్లదు కాబట్టి. రెండు వీధులు దాటి, మూడో మలుపులో కుడికి తిరిగి, బ్యాంకు దాటాక రెండో తలుపు అనే మ్యాపు మనిషి బుర్రలో ఉండాలి. కుక్క చేసే పనల్లా దారిలో స్తంభం, గుంట, పైనుంచి వేలాడే కొమ్మ, ఫుట్‌పాత్ అంచు, ఇవన్నీ చూసి పక్కకు తప్పించడం, అవసరమైతే ఆగడం. సిగ్నల్ రంగు చూసి అది రోడ్డు దాటించదు. మన పక్కన, మనం వెళ్లే వైపే పోయే బండ్లు ఒక్కసారిగా కదిలిన చప్పుడు విని, ఇప్పుడు దాటొచ్చని తేల్చుకోవాల్సింది మనిషే. అప్పుడు "ఫార్వర్డ్" అంటాడు. ఆ క్షణంలో ఏదైనా కారు మలుపు తిరిగి మీదికొస్తే కుక్క మాట వినదు, కదలదు. మాట వినకపోవడం కూడా దానికి నేర్పిన విద్యే. అది నిజంగా కారు వల్ల ఆగిందా, ఉడతను చూసి ఆగిందా అని తెలియాలంటే రోడ్డు చప్పుడు చదవడం మనిషికి ముందే వచ్చి ఉండాలి. ఆ చదువు కర్రతోనే వస్తుంది.

న్యూజెర్సీలో ఈ శిక్షణ రాష్ట్ర ప్రభుత్వపు కమిషన్ ఫర్ ది బ్లైండ్ అండ్ విజువల్లీ ఇంపెయిర్డ్ ద్వారా దొరుకుతుంది. అక్కడ ఒక్క మాట గట్టిగా అడగండి: కొన్ని పాఠాలైనా కళ్లకు గంతలు కట్టి చెప్పమనండి. ఎందుకో కింద చెబుతా.

ఇవి కుదిరాక దరఖాస్తు. 1929లో మొదలైన ద సీయింగ్ ఐ అనే గైడ్ డాగ్ స్కూల్ ఇప్పుడు మీరున్న రాష్ట్రంలోనే, మోరిస్‌టౌన్‌లో ఉంది. మొదటి కుక్కకు 150 డాలర్లు, తర్వాతి కుక్కలకు 50, మాజీ సైనికులైతే 1 డాలరు. బస, భోజనం, శిక్షణ అన్నీ అందులోనే. న్యూయార్క్‌లో గైడింగ్ ఐస్ ఫర్ ది బ్లైండ్, కాలిఫోర్నియా, ఒరెగాన్‌లలో గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్ అసలు డబ్బే తీసుకోవు. 'ట్రెయిన్ చేసిన కుక్క, 30 వేల డాలర్లు, అడ్వాన్స్ కట్టండి' అనే ప్రైవేటు వెబ్‌సైట్ల జోలికి కంటిచూపు విషయంలో వెళ్లాల్సిన అవసరమే లేదు. ఫారంలో రోజూ ఒంటరిగా నడిచే దారులు అడుగుతారు. అక్కడ 'అక్క కారులో దింపుతుంది' అని రాసినవాళ్ల ఫైలు ముందుకు కదలదు. అక్కగారూ, కోపం తెచ్చుకోకండి, మిమ్మల్నే అంటున్నా.

కాగితాలు నచ్చితే స్కూల్ ఇన్‌స్ట్రక్టర్ ఇంటికొస్తారు, లేదా వీడియో పంపమంటారు. ఎవరికి ఏ కుక్క అని జత కుదిర్చే మ్యాచింగ్ మొదలయ్యేది అప్పుడు, జూనో వాక్‌తో. జూనో అనే కుక్కేమీ ఉండదు. కుక్క ఒంటికి తొడిగే పట్టీ, అంటే హార్నెస్, ఖాళీగా ఉన్నది, దాని ముందు భాగం ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుంటారు, హ్యాండిల్ మీ తమ్ముడి ఎడమ చేతిలో ఉంటుంది. ఇన్‌స్ట్రక్టరే కుక్క. "జూనో, ఫార్వర్డ్" అనాలి. ముప్పై ఏళ్ల మగాడు నడివీధిలో ఇంకో మనిషికి తాడు కట్టి, "జూనో, గుడ్ గర్ల్" అని ముద్దుచేయాలంటే మొదటిసారి నోరు పెగలదు. పెగలాలి. గొంతులో మెచ్చుకోలు లేనివాడి వెంట కుక్క నాలుగు రోజులు కూడా మనసుపెట్టి నడవదు.

ముందు మెల్లగా నడుస్తారు. తర్వాత చెప్పకుండా వేగం పెంచుతారు. హ్యాండిల్ మీద లాగుడు పెరుగుతుంది. భుజం బిగుసుకుంటోందా, ఒళ్లు వెనక్కి వాలుతోందా, అంగ సాగుతోందా అని చూస్తారు. 'జూనో' ఉన్నట్టుండి వంగి గడ్డి వాసన చూస్తుంది. లీష్ సర్ది "లీవ్ ఇట్" అనడానికి మనవాడికి ఎంతసేపు పట్టిందో గమనిస్తారు. ఫుట్‌పాత్ అంచున ఆగితే, కాలితో అంచు వెతికి చూస్తాడా, ఆలోచించకుండా అడుగేస్తాడా? ఆర్‌పీ వాళ్ల గుట్టు బయటపడేది ఇక్కడే. ఎదురుగా ఉన్న స్తంభం ఆ పైపు చూపులో కనపడగానే, కుక్క తిప్పేలోపే వాళ్ల ఒళ్లు పక్కకు తిరిగిపోతుంది. నడిపించేది కుక్క కాదు, వాళ్లే. నిజమైన కుక్క ముందు ఇలా రెండు నెలలు చేస్తే దానికి విషయం అర్థమైపోతుంది, 'ఈయన చూసుకుంటాడులే' అని పని మానేస్తుంది. ఆ తర్వాత ఓ సాయంత్రం చూపు అందని వేళ ఆయన వెళ్లి స్తంభానికి కొట్టుకుంటాడు. తప్పు కుక్కది కాదు. కళ్లకు గంతలతో పాఠాలు చెప్పమని అడగమన్నది ఇందుకే. ఇంకో సంగతి, ఆర్‌పీ ఉన్నవాళ్లు పగలు పరుగులాంటి నడక నడుస్తారు, చీకటి పడితే అడుగులో అడుగు వేస్తారు. ఇన్‌స్ట్రక్టర్‌కి రెండు నడకలూ చూపించాలి. పగటి నడక ఒక్కటే చూపిస్తే జోరుగా లాగే కుక్కను ఇస్తారు, రాత్రికి భుజం పట్టేస్తుంది.

అటువైపు ప్రతి కుక్కకీ ఇలాంటి చిట్టానే ఉంటుంది. ఎంత వేగం, ఎంత లాగుడు, రైలు చప్పుడుకి బెదురుతుందా, కింద పడిన తిండికి ఆశపడుతుందా, ఎనిమిది గంటలు డెస్కు కింద పడుకోగలదా. న్యూయార్క్ పెన్ రైల్వే స్టేషన్ జనంలో రోజూ ఈదేవాడికి ఒక రకం కుక్క కావాలి. సైడ్‌వాక్ లేని ఎడిసన్ ఊరి సందుల్లో రోడ్డు ఎడమ అంచు పట్టుకుని నడిచేవాడికి ఇంకో రకం కావాలి. ఆరడుగుల మనిషికి పొట్టి కుక్కనిస్తే హ్యాండిల్ అందక నడుం ఒరుగుతుంది. ఈ లెక్కలన్నిట్లో రంగు అనే గడి ఎక్కడా లేదు. లాబ్రడార్, గోల్డెన్, ఆ రెంటి సంకరం, జర్మన్ షెపర్డ్, వీటిలో ఏదైనా రావచ్చు. కుక్క వెంట్రుకలు పడకపోతే ముందే చెప్పండి, కొన్ని స్కూళ్ల దగ్గర పూడుల్స్ కొద్దిగా ఉంటాయి. ఏ జాతైనా సరే అన్నవాళ్లకు త్వరగా దొరుకుతుంది. పేరు కూడా మీరు పెట్టేది కాదు, పుట్టినప్పుడే స్కూల్ పెట్టేస్తుంది. ఇంటికొచ్చాక చింటూ అని మార్చొద్దు.

క్లాసు స్కూల్‌ను బట్టి రెండు నుంచి నాలుగు వారాలు. చేరిన రోజే కుక్క చేతికి రాదు, మొదట మళ్లీ జూనోనే. కుక్కను గదిలోకి ఇచ్చిన రోజు అది మీ తమ్ముణ్ణి పట్టించుకోకుండా తలుపు దగ్గర కూర్చుని, నాలుగు నెలలు తనకు శిక్షణ ఇచ్చిన ట్రెయినర్ కోసం మూలుగుతుంది. చాలామంది డీలాపడిపోయేది ఆ రాత్రే. తిండి, నీళ్లు, బయటికి తీసుకెళ్లడం అన్నీ తన చేత్తోనే చేస్తూ పోతే కొన్ని రోజుల్లో తల ఇటు తిరుగుతుంది. జోడీ పొసగకపోతే క్లాసులోనే కుక్కను మారుస్తారు. అది అవమానం కాదు. భుజం నొప్పి దాచుకుని ఇంటికొచ్చేసేవాళ్లే అసలు ఇబ్బంది పడతారు.

ఇంటికొచ్చాక దాన్ని చెడగొట్టేది మాత్రం మనమే, ఇంట్లోవాళ్లం. మొదటి కొన్ని వారాలు తమ్ముడు తప్ప ఎవరూ తిండి పెట్టకూడదు. అమ్మగారు 'పాపం, ఎండు గింజలే తింటోంది' అని పెరుగన్నం కలిపి పెడితే, మర్నాటి నుంచి అది దారి చూడదు, నేల మీద మెతుకులు చూస్తుంది. పైగా మన వంటింట్లో సగం దానికి విషమే. ఉల్లిపాయ, వెల్లుల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి. పాయసంలో కిస్మిస్ కిడ్నీలను పాడుచేస్తుంది. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే. పేరంటానికి వచ్చినవాళ్లు హార్నెస్‌లో ఉన్న కుక్కను చప్పట్లు కొట్టి పిలిస్తే మొహమాటపడకుండా ఆపండి.

అపార్ట్‌మెంట్‌వాళ్లు పెట్ రెంటు, డిపాజిట్ అడగకూడదు. రెస్టారెంటు, ఇండియన్ స్టోర్, ఊబర్ కాదనకూడదు. కానీ గుడి వేరు. మత సంస్థలకు ఏడీఏలో మినహాయింపు ఉంది, వద్దంటే ఆ చట్టం మీ వైపు ఉండదు. ముందే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి, లేదంటే ఆ పూటకి కర్రతో వెళ్లాలి. చూశారా, మళ్లీ కర్రే వచ్చింది. కుక్కకి జబ్బు చేసినా, అది ఎనిమిది పదేళ్ల వయసులో రిటైరై రెండోది వచ్చేదాకా అయినా చేతిలో ఉండేది కర్రే. దాణా, వెటర్నరీ ఖర్చు ఏడాదికి వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది. బిల్లులు దాచండి, గైడ్ డాగ్ ఖర్చును పన్నుల శాఖ ఐఆర్ఎస్ వైద్య ఖర్చుగానే లెక్కగడుతుంది.

ఇండియా ప్రయాణానికి తీసుకెళ్లాలా అని ఎలాగూ అడుగుతారు. నా మాట వింటే వద్దు. ఎయిర్‌లైన్ 48 గంటల ముందే అమెరికా రవాణా శాఖ ఫారం అడగొచ్చు, ఎనిమిది గంటలు దాటిన ఫ్లైటు కాబట్టి మూత్రవిసర్జన గురించి ఇంకో ఫారం. హైదరాబాద్‌లో దిగడానికి యానిమల్ క్వారంటైన్‌వాళ్ల ఎన్‌ఓసీ కావాలి. రేబిస్ విషయంలో ఇండియా అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ హై రిస్క్ జాబితాలో ఉంది కాబట్టి, ఇక్కడ వేయించిన టీకాకు బయల్దేరకముందే అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) ముద్ర వేయించుకోకపోతే తిరుగు ప్రయాణంలో చిక్కుకుంటారు. ఇవన్నీ సాధించినా మన వీధి కుక్కల గుంపు ఒక్కసారి మీదపడితే చాలు, గైడ్ డాగ్ ఆ తర్వాత కుక్క కనపడితే చాలు బెదిరిపోయి పనికిరాకుండా పోవచ్చు.

కాబట్టి ఈ వారం చేయాల్సినవి రెండు. ఫీల్డ్ టెస్టుకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ అమెరికాలో ఉండే అంధులకు తెల్లకర్ర ఉచితంగా పంపుతుంది, అప్లై చేయండి. పొడవు అడుగుతారు. నిటారుగా నిలబెడితే కొస గడ్డం దాకా రావాలి, పొట్టిది తీసుకుంటే వేగంగా నడిచేవాడికి అడ్డం తెలిసేలోపే కాలు తగులుతుంది. పోస్టులో రాగానే తమ్ముణ్ణి చీకటి పడ్డాక పార్కింగ్ లాట్‌లో తిప్పండి. చూసే నలుగురూ ఆ వేళకి ఇళ్లలో ఉంటారు.