షికార్లు మానొద్దు, పన్ను డబ్బు ముందు పక్కన పెట్టండి

ప్రశ్న: ఏడాదిన్నరగా సింగపూర్‌లో ఉంటున్నాం. నా జీతం నెలకు 9,500 సింగపూర్ డాలర్లు. డిసెంబరులో మరో నెల జీతం బోనస్‌గా వస్తుంది. నా భార్య డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబానికిచ్చే అనుమతి) మీద ఉంది. పిల్లలకు 8, 4 ఏళ్లు. అద్దె 3,400, స్కూలు ఫీజులు 2,100, సరుకులు 900, కరెంటు, నీళ్లు, ఫోన్లు 400, బస్సు, రైళ్లు 300, అమ్మానాన్నలకు 800. వారాంతాల్లో బయట తిరగడానికి 1,500 అవుతోంది. మిగిలేది వందే. పన్ను, సంక్రాంతికి ఊరెళ్లిన టికెట్ల ఖర్చు 3,600 కలిసి బోనస్‌ను మింగేశాయి. షికార్లు మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు. పరాయి దేశంలో పిల్లలకు ఆ ఆదివారాలు చాలా ముఖ్యం. అసలు చిక్కు వేరే చోట ఉంది. సింగపూర్‌లో జీతంలోంచి నెలనెలా పన్ను కోయరు. మీలా ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) వాళ్లకు సీపీఎఫ్, అంటే మన పీఎఫ్ లాంటి కోత కూడా ఉండదు. అందుకే ఖాతాలో పడిన 9,500 అంతా మనదే అనిపిస్తుంది.

మీ పన్ను లెక్క చూద్దాం. బోనస్‌తో కలిపి ఏడాదికి 1,23,500. సంపాదన మినహాయింపు 1,000, భార్యకు 2,000, పిల్లలిద్దరికీ 8,000 తీసేస్తే 1,12,500 మిగులుతుంది. అందులో తొలి 80,000కు పన్ను 3,350. మిగతా 32,500కు 11.5 శాతం చొప్పున దాదాపు 3,738. మొత్తం 7,088, అంటే నెలకు 600 అనుకోండి. ఊరి టికెట్లకు నెలకు 300. ఈ 900 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. పన్నును గైరో (బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే పద్ధతి) ద్వారా వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చు.

ఆ 900 ఎక్కడి నుంచి? మిగిలే వంద, షికార్ల నుంచి 800. షికార్లకు ఇక 700. నెలకో పెద్ద ఖర్చు, జూ లాంటిది, 300. చిన్నవి రెండు, 120 చొప్పున. ఒక వారం ఇంటి నుంచి డబ్బా కట్టుకుని వెళ్లేది, 60. మిగతా వంద పుట్టినరోజు కానుకలకు. అయిదో ఆదివారం వచ్చిన నెలలో అది కూడా డబ్బా వారమే.

షికార్లలో డబ్బు ఎక్కువగా జారిపోయేది ప్రవేశ టికెట్ల దగ్గర కాదు, తిండి దగ్గర. రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు ఛార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయి. 120 డాలర్ల భోజనం బిల్లులో 143.88 అవుతుంది. నెలకు నాలుగుసార్లంటే 95 డాలర్లు అదనం. హాకర్ సెంటర్‌లో (చవక తిండి దుకాణాల సముదాయం) రాసి ఉన్న ధరే కడతారు. రాత్రి భోజనమయ్యాక టాక్సీ ఎక్కితే సాయంత్రం 6 తర్వాత మీటరు మీద 25 శాతం, అర్ధరాత్రి దాటితే 50 శాతం అదనం. రైల్లో రండి. చిన్నదానికి చైల్డ్ కన్సెషన్ కార్డు తీసుకోండి, ఏడేళ్లు నిండేదాకా బస్సు, రైలు ఉచితం.

డబ్బా వారానికి చోట్లకు కొదవ లేదు. గార్డెన్స్ బై ద బేలో పిల్లల నీళ్లాట ఉచితం (సోమవారం సెలవు, ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి). అక్కడే సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలోని ఎత్తైన కట్టడాలు) దగ్గర రాత్రి 7.45కు, 8.45కు దీపాల ప్రదర్శన, అదీ ఉచితమే. బొటానిక్ గార్డెన్స్‌లో జేకబ్ బల్లాస్ పిల్లల తోట ఉంది. సెంటోసా దీవికి రైల్లో వెళితే మనిషికి 4 డాలర్లు, బోర్డ్‌వాక్ మీద నడిచి వెళితే రూపాయి ఖర్చుండదు.

ఇక బోనస్. దాన్ని ముట్టుకోకండి. పాస్ మీద ఒక్కరి సంపాదనతో ఉన్న కుటుంబానికి ఉద్యోగం పోవడమంటే జీతం ఆగడం ఒక్కటే కాదు. పాస్ రద్దయితే సాధారణంగా 30 రోజుల గడువే దొరుకుతుంది. పైగా యాజమాన్యం ఐఆర్21 (ఉద్యోగం వదిలే విదేశీయుడి పన్ను లెక్క తేల్చే ఫారం) దాఖలు చేసి, పన్ను లెక్క తేలేదాకా మీకు రావాల్సిన డబ్బును ఆపి ఉంచుతుంది. చేతికి జీతం రాని నెలలోనే టికెట్లు, సామాన్ల రవాణా, అద్దె అన్నీ మీద పడతాయి. అద్దె, ఫీజులు, సరుకులు, బిల్లులు, ప్రయాణాలు కలిపి మీకు నెలకు 7,100 తప్పదు. మూడు నెలలకు 21,300. అంత అత్యవసర నిధి బోనస్‌లతో కూడబెట్టండి. ఇంటి ఓనరు దగ్గరున్న అడ్వాన్సును ఇందులో కలపకండి, అది ఇల్లు అప్పగించాకే వస్తుంది. ఆఫీసు ఆరోగ్య బీమాలో భార్యాపిల్లలు ఉన్నారో లేదో ఈ వారమే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాయితీ ధరలు విదేశీయులకు వర్తించవు.

ఎస్‌ఆర్‌ఎస్‌లో (రిటైర్మెంటు కోసం స్వచ్ఛందంగా పొదుపు చేసే పథకం) వేస్తే పన్ను తగ్గుతుందని మీతో ఎవరైనా అంటారు. నిజమే, కానీ గడువుకు ముందే తీస్తే 5 శాతం జరిమానా, తీసిన మొత్తమంతా ఆదాయంగా లెక్క. ఆ 21,300 నిండాకే దాని జోలికి వెళ్లండి.