రబ్బరు మీద కార్బన్ పూత: ఆటోనగర్‌లో షెడ్డు తీసుకున్న మా అమ్మాయికి

బుజ్జి తల్లీ,

ఉద్యోగం మానేసి గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. పంపుల్లో షాఫ్టు చుట్టూ కారకుండా బిగించే రబ్బరు సీళ్ల మీద కార్బన్ పూత వేసే పనట. విన్నప్పటి నుంచి సగం సంతోషం, సగం టెన్షన్. ఉద్యోగం చేసినంత కాలం నేను రబ్బరు ముద్దలో కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి కలిపించాను. ఎంత తోముకున్నా గోళ్లలో నలుపు పోయేది కాదు. నువ్వేమో అదే కార్బన్‌ను, వజ్రంలోని బంధాలు కొన్ని, గ్రాఫైట్‌లోవి కొన్ని కలిసేలా, మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన రబ్బరు పైన పరుస్తానంటున్నావు. మన ఇంటి పిల్ల ఇంత పని ఎత్తుకుందంటే నాకెంత గర్వమో నీకు తెలీదు.

మెషీన్‌కు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకో. జనరేటర్ లేకుండా మొదలుపెట్టకు.

ఇక అసలు సంగతి. నేను రిటైరయ్యే ముందు మా దగ్గర పంపు సీళ్లకు ఇలాంటి పూతే వేయించారు. మా ఫోర్‌మన్ మంచివాడే గానీ తొందర మనిషి. సీళ్లను థిన్నర్‌లో ముంచి, గుడ్డతో తుడిచి, అట్టపెట్టెల్లో సర్దేశాడు. పూతకు వెళ్లేలోపు అవి వారాల తరబడి స్టోర్లో పడి ఉన్నాయి. తిరిగొచ్చినప్పుడు నిగనిగలాడుతున్నాయి, అందరం మురిసిపోయాం. పంపులో బిగించి తిప్పితే పూత పెచ్చులుగా లేచింది. ఆ గట్టి పలుకులు షాఫ్టునంతా గీకేశాయి. పూత వేసినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టారు. వాళ్ల తప్పేం లేదు.

గాలిలోని ఓజోన్‌కు రబ్బరు పగలకూడదని మనమే అందులో మైనం కలుపుతాం. అది లోపల కుదురుగా ఉండదు, మెల్లగా పైకి తేలుతుంది. ఈ రోజు తుడిస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. పైగా థిన్నర్ సీళ్లు చేసే నైట్రైల్ రబ్బరును ఉబ్బిస్తుంది. పూత కోసం గాలి తీసేసిన ఛాంబర్‌లో, అంటే వాక్యూమ్‌లో పెట్టగానే ఆ థిన్నర్, చెమ్మ, లోపలి నూనెలు ఆవిర్లుగా బయటికొస్తాయి. అప్పుడు పూత పట్టుకునేది మైనాన్ని, రబ్బరును కాదు. కాబట్టి సబ్బునీళ్లతో కడుగు, డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించు, మళ్లీ కడుగు, మళ్లీ మరిగించు. విసుగొస్తుంది, అయినా మానకు. ఆరిన వెంటనే ఛాంబర్‌లో పెట్టేయి. మన వైజాగ్ గాలిలో చెమ్మ సంగతి నీకు చెప్పాలా? లోపల ముందు ఆర్గాన్ ప్లాస్మాతో, అంటే కరెంటుతో వెలిగించిన ఆర్గాన్ గ్యాస్‌తో శుభ్రం చేశాకే పూత మొదలుపెట్టు. రబ్బరులో ఏ మైనం ఎంత కలిపాడో చెప్పనివాడి దగ్గర సీళ్లు కొనకు.

పూత మీద వలలాంటి సన్నని పగుళ్లు కనిపిస్తే బెంగపడకు. రబ్బరు సాగినంత అది సాగలేదు. చేప పొలుసుల్లా చిన్న ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్కా రబ్బరును గట్టిగా పట్టుకుని ఉంటే సీలు హాయిగా వంగుతుంది. ముక్క అంచు లేచిందా, అప్పుడు భయపడు. టేపు అతికించి లాగి చూడు, సీలును సాగదీసి మళ్లీ లాగు. ఇంకొంచెం మందంగా వేద్దామన్న ఆశ వద్దు. మందం పెరిగితే లోపలి ఒత్తిడికే అది ఊడొస్తుంది.

అన్నిటికన్నా నాకు భయం నీ పూతకు కార్బన్ ఇచ్చే ఎసిటిలీన్ గ్యాస్. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు మేం ఇక్కడే గోపాలపట్నంలో ఉన్నాం కదా. చంటిపిల్లల్ని భుజాన వేసుకుని జనం పరుగెత్తడం చూశాను. అప్పటి నుంచి సిలిండర్ మాట వింటేనే నాకు కాళ్లు వణుకుతాయి. ఎసిటిలీన్ గాలిలో 2.5 శాతం ఉన్నా అంటుకుంటుంది. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచు. పడుకోబెడితే లోపల గ్యాస్‌ను కరిగించి ఉంచే అసిటోన్ ద్రవం లైన్లోకి, అక్కణ్ణుంచి నీ పూతలోకి వస్తుంది. రాగి గొట్టం అసలే వద్దు, ఎసిటిలీన్ తగిలితే రాగి మీద పేలే పదార్థం తయారవుతుంది. గొట్టంలో ఒత్తిడి 15 పీఎస్ఐ దాటనివ్వకు. వాక్యూమ్ పంపు వదిలే గాలి షెడ్డు బయటికి, ఎవరూ నిలబడని వైపుకు పోవాలి. రాత్రిపూట ఒంటరిగా మెషీన్ నడిపావని తెలిస్తే మాత్రం ఊరుకోను. పెద్దదానివయ్యావని కూడా చూడను.

సిలిండర్లు ఎక్కడ పెడతావో, తలుపు ఎటు తెరుచుకుంటుందో ప్లాను గీసి పంపు. అది చూశాకే మీ అమ్మకు ధైర్యం చెబుతాను. అడ్వాన్సుకు డబ్బు తక్కువైతే బయట వడ్డీకి పోకు, నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది.

మీ పెద్దమ్మ