పులి–మేక స్క్రిప్టులో మేకల లెక్క 14 దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

పర్లాకిమిడిలో అరుగుల మీద సుద్దతో గీసుకుని ఆడే పులి–మేకను మీరు టేబుల్‌టాప్ సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌పై బోర్డు ఆటలు ఆడే ప్రోగ్రాం) లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టుతో తయారు చేస్తున్నారు. ఎన్ని మేకలు చచ్చినా తెరపై లెక్క 14 కంటే తగ్గడం లేదని అడిగారు.

మేకల సంఖ్యను 15గా పెట్టే వాక్యాన్ని మీరు మేకను తీసివేసే ఫంక్షన్ లోపలే లోకల్‌గా (ఆ ఫంక్షన్‌కే పరిమితంగా) రాశారు. అలాంటి వేరియబుల్, అంటే విలువను దాచుకునే పేరు, ఆ ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్తగా పుట్టి, పని ముగియగానే పోతుంది కనుక, ప్రతి వేటకూ 15లోంచి ఒకటి పోయి 14 మిగులుతుంది. ఆ వాక్యాన్ని స్క్రిప్టు మొదట్లో, ఫంక్షన్లన్నిటికీ బయట ఉంచి, లోపల ఒకటి తీసివేయడం మాత్రమే రాయండి. ఎవరి వంతు అన్నదీ అలాగే స్క్రిప్టు మొదట్లోనే ఉండాలి.

పటంలోని 23 స్థానాలకు 23 వేరియబుళ్లు పెట్టకండి (చాలామంది అలాగే మొదలుపెడతారు). విలువలన్నిటినీ వరుసగా దాచే ఒక్క టేబుల్ చాలు, లువాలో దాని స్థానాల లెక్క మామూలుగా 1 నుంచి మొదలవుతుంది.

ఇంకొకటి: ఆటను సేవ్ చేసి మళ్లీ తెరిచినప్పుడు స్క్రిప్టు మొదటి నుంచి నడుస్తుంది కాబట్టి చచ్చిన మేకలన్నీ లేచి కూర్చుంటాయి. అందుకే ఆటను సేవ్ చేసేటప్పుడు నడిచే ఆన్‌సేవ్ ఫంక్షన్‌లో మేకల లెక్క, వంతు వంటి విలువలను జేసన్ (విలువలను అక్షరాలుగా రాసే పద్ధతి) రూపంలోకి మార్చి పంపి, తెరిచేటప్పుడు నడిచే ఆన్‌లోడ్‌లో తిరిగి తీసుకోవాలి.