తోసినవాడి మోకాలు ఎందుకు నొప్పెట్టింది?

"న్యూటన్ మూడో నియమం చెప్పినట్టు చర్య, ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అయితే రెండూ కొట్టేసుకుని సున్నా అవ్వాలి కదా, మరి వస్తువులు ఎలా కదులుతున్నాయి?" అని ఇంటర్ ఫస్టియర్ చదివే మీ తమ్ముడు అడిగితే నీళ్లు నమిలానని రాశారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదండీ. నేనూ ఫస్టియర్‌లో సరిగ్గా ఇక్కడే బోర్లా పడ్డాను. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగేళ్లు ట్యూషన్లు చెప్పినప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఇదే అడిగేవారు. అడగకుండా తలూపేసేవాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగగా ఉండేది.

నాకు ఈ ముడి విడిపోయింది మాత్రం రసూల్‌పురా దగ్గర. రాత్రి పదకొండు దాటాక సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేట వస్తుంటే నా బండిలో పెట్రోలు అయిపోయింది. వెనకే ఇంకో బండి మీద మా రూమ్మేట్ ఉన్నాడు. ఇలాంటప్పుడు మన ఊళ్లో ఏం చేస్తారో తెలిసిందేగా: వెనకబండివాడు కాలు చాపి ముందుబండి ఫుట్‌రెస్ట్‌కి ఆనించి తోసుకుంటూ వస్తాడు. (ప్రమాదం, చేయకండి. మేం చేశాం, అప్పట్లో బుద్ధి లేదు.) బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వాడు వెనకనుంచి అరవడం మొదలుపెట్టాడు: "నువ్వు రాజా లెక్క కూసున్నవ్‌రా, ఈడ నా మోకాలు పోతున్నది!"

నిజమే, నేను హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నానంతే. అయినా నా బండి వాడి కాలిని వెనక్కి నెడుతోంది. వాడు ఎంత బలంతో తోస్తున్నాడో కచ్చితంగా అంతే బలంతో. మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఆ మోకాలి దగ్గరే దొరుకుతుంది. వాడు తోసిన బలం నా బండి మీద పడింది, తిరుగు బలం వాడి కాలి మీద పడింది. బలాలు ఒకదాన్నొకటి కొట్టేయాలంటే రెండూ ఒకే వస్తువు మీద పడాలి. వాడు నాకు వంద రూపాయలిచ్చాడనుకోండి. నాకు వంద పెరిగింది, వాడికి వంద తగ్గింది. కూడితే సున్నా కాబట్టి నా జేబులో ఏమీ లేదంటే ఒప్పుకుంటామా?

కాబట్టి నా బండి కదులుతుందా లేదా అన్నది తేల్చేటప్పుడు నా బండి మీద పడే బలాలనే లెక్క వేయాలి. వాడి మోకాలి సంగతి ఆ లెక్కలోకి రాదు. ఆ రాత్రి గదికి చేరాక కాగితం మీద ఇదే వేసి చూశాను. నేనూ బండీ కలిసి 170 కిలోలు అనుకుందాం. కదలకుండా ఉన్న బండి 10 సెకన్లలో గంటకు 18 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 5 మీటర్లు, అందుకోవాలంటే త్వరణం, అంటే సెకను సెకనుకూ పెరిగే వేగం, 0.5. ద్రవ్యరాశితో గుణిస్తే 85 న్యూటన్లు (బలాన్ని కొలిచేది వీటితోనే). టైర్లూ బేరింగులూ వెనక్కి లాగేది ఒక 35 అనుకుంటే, వాడు 120 న్యూటన్లతో తోయాలి. ఇక్కడే పిల్లలు తప్పు చేస్తారు. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేది ఫలిత బలం, అంటే అన్నీ కూడి తీసేశాక మిగిలేది. దాన్నే తోసే బలం అనుకుని 85 రాసేస్తారు.

వేగం అందుకున్నాక రోడ్డు చదునుగా ఉన్నంతసేపు వాడు 35 తోస్తే చాలు. అప్పుడు ఫలిత బలం సున్నా, అయినా బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. న్యూటన్ మొదటి నియమం చెప్పేది అదే. "కదలాలంటే బలం ఉండాలి" అని మనకు చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకం ఈ 35 వల్ల పుట్టిందే. ఘర్షణ కంటికి కనబడదు, తోసేవాడు మాత్రం కనబడతాడు. ఫ్లైఓవర్ మీద, వందకు 4 మీటర్లు ఎక్కే వాలు అనుకుంటే, బరువు కిందికి లాగడం వల్ల ఇంకో 67 తోడవుతుంది. మొత్తం 102. అంటే ఇంచుమించు పది కిలోల బియ్యం సంచిని చాపిన కాలితో మోస్తున్నంత బరువు. వాడి అరుపుకు లెక్క సరిపోయింది.

మీ తమ్ముడు గడుసువాడైతే తర్వాత ఇలా అడుగుతాడు: "సరే, రెండు బండ్లనీ కలిపి ఒకే వస్తువు అనుకుంటే?" అప్పుడు వాడి మాట ముమ్మాటికీ నిజం. కాలూ ఫుట్‌రెస్టూ ఒకదాన్నొకటి నెట్టుకునే బలాలు నిజంగానే కొట్టేసుకుంటాయి. మరి ఆ జోడీని ముందుకు నడిపిస్తున్నదెవరు? రోడ్డు. మా రూమ్మేట్ బండి వెనక చక్రం రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు చక్రాన్ని ముందుకు నెడుతుంది. చక్రం కింద ఇసుక ఉంటే ఇంజన్ ఎంత మొత్తుకున్నా చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది. రోడ్డుకు పట్టు దొరక్కపోతే అది తిరిగి నెట్టలేదు మరి. ఘర్షణ ఎప్పుడూ కదలికకు అడ్డమే అని రాసుకున్నవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి.

అసలు తగువంతా "చర్య" అనే మాట తెచ్చిపెట్టిందని నా అనుమానం. ముందు చర్య, తర్వాత దానికి జవాబుగా ప్రతిచర్య అన్నట్టు వినిపిస్తుంది. రెండూ ఒకే క్షణంలో పుడతాయి, దేన్ని ఏ పేరుతో పిలిచినా ఫరవాలేదు. 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో న్యూటన్ ఇచ్చిన ఉదాహరణ ఇంతకన్నా సులువు: రాయిని వేలితో నొక్కితే వేలిని రాయి కూడా నొక్కుతుంది. తాడు కట్టి గుర్రంతో రాయిని లాగిస్తే గుర్రాన్నీ రాయి అంతే వెనక్కి లాగుతుంది.

పరీక్షలో పడే ఉచ్చు ఇంకోటుంది. బల్ల మీద పుస్తకం పెడితే, దాని బరువూ బల్ల పైకి నెట్టే అభిలంబ బలమూ చర్యాప్రతిచర్యలని నూటికి తొంభై మంది రాస్తారు (సర్వే ఏమీ చేయలేదు, నేను దిద్దిన పేపర్ల జ్ఞాపకం). కావు. రెండూ పుస్తకం మీదే పడుతున్నాయి కదా! పుస్తకాన్ని భూమి లాగితే భూమిని పుస్తకం లాగుతుంది, అదీ జత. పుస్తకాన్ని బల్ల పైకి నెడితే బల్లను పుస్తకం కిందికి నెడుతుంది, అది ఇంకో జత. నమ్మకం కలక్కపోతే లిఫ్ట్‌లో బరువు మిషన్ మీద నిలబడమనండి. మా హాస్టల్‌లో చేశాను. నా 62 కిలోలకు లిఫ్ట్ పైకి బయల్దేరే క్షణంలో ముల్లు 67 దాకా పోయి, వేగం నిలకడయ్యాక మళ్లీ 62కి వచ్చింది. భూమి నన్ను లాగడంలో తేడా లేదు, మిషన్ నెట్టడం మారింది. చర్యాప్రతిచర్యలైతే అలా విడిపోవడం కుదరనే కుదరదు.

తమ్ముడితో ప్రతి బలానికీ ఒక పూర్తి వాక్యం రాయించండి: "ఫలానాది ఫలానాదాన్ని నెడుతోంది." ఆ రెండు పేర్లనూ తారుమారు చేసి రాస్తే వచ్చే వాక్యమే దాని జత. బొమ్మలో మాత్రం తను ఎంచుకున్న వస్తువును నెట్టే, లాగే బాణాలే గీయాలి. వారం రోజులు ఇలా రాస్తే చాలు, ఆ తర్వాత వాక్యాలు మానేసి నేరుగా బాణాలు గీసుకోవచ్చు.