కుక్కతో జీభీ హాస్టల్‌లో ఒక రాత్రి

చిరంజీవి సందీప్‌కు పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరులో నీ కుక్క బ్రూనోను వెంటబెట్టుకుని చండీగఢ్ నుంచి హిమాచల్‌లోని జీభీకి వెళ్తున్నావనీ, పెంపుడు జంతువులను రానిచ్చే యాత్రికుల హాస్టల్ ఒకటి దొరికిందనీ మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్ళు. అయితే, రానిస్తారు కదా అని ఆ చోటు కుక్కకు అనువైనదేనని అనుకోవద్దు. పగటిపూట కొండల్లో తిరగడమంటే ఏ కుక్కకైనా సంబరమే. చిక్కంతా రాత్రితో వస్తుంది కనుక, గది కుదుర్చుకునేటప్పుడు రాత్రి సంగతులే అడగాలి.

యాప్‌లో కుక్క బొమ్మ చూసి డబ్బు కట్టేయకుండా, హాస్టల్‌వారికి ఫోన్ చేసి మాట్లాడు. కుక్కకు వేరే రుసుము ఉందా, భోజనాల హాల్లోకి తీసుకురావచ్చా అన్నవి ఎవరైనా అడుగుతారు. నీవు వాటితోపాటు హాస్టల్‌కు సొంత కుక్క ఉందా అని కూడా అడుగు. కొండ ఊళ్ళలో దాదాపు ప్రతి ఇంటికీ బొచ్చుకుక్క ఒకటి ఉంటుంది, ఆ వాకిలంతా దాని ఏలుబడే. బ్రూనోను నేరుగా గేటులోపలికి తీసుకుపోవద్దు. హాస్టల్ మనిషిని వాళ్ళ కుక్కతో బయటికి రమ్మని, రెండింటినీ దారి వెంట కాస్త ఎడంగా కొంతదూరం నడిపించి, అవి ఒకదాన్నొకటి వాసన చూసుకుని సర్దుకున్న తర్వాతే లోపలికి వెళ్ళండి. అన్నం మాత్రం మీ గదిలోనే, తలుపు వేసి పెట్టు.

అందరూ కలిసి పడుకునే డార్మిటరీలో కుక్కను ఉండనిస్తామన్నా ఒప్పుకోవద్దు, డబ్బు ఎక్కువైనా విడి గదే తీసుకో. అర్ధరాత్రి దిగే కొత్త మనుషులను చూసి అది మొరగడమూ, నిద్ర చెడినవాళ్ళు నిన్ను తిట్టుకోవడమూ తప్పవు. ఆ ప్రాంతంలో గదులు చాలావరకు చెక్కవే కాబట్టి పక్కగదిలో మంచం కిర్రుమన్నా వినిపిస్తుంది. అందుకని కింది అంతస్తులో చివరి గది ఉందేమో కనుక్కో. ఇంట్లో బ్రూనో పడుకునే దుప్పటిని ఉతకకుండా అలాగే తీసుకువెళ్ళి, తలుపుకు దూరంగా, నీ మంచం పక్కన పరిచావంటే తన వాసన తనకు తగిలి త్వరగా కుదుటపడుతుంది. మొరిగినప్పుడు గట్టిగా కసరవద్దు. నీవు కూడా మొరుగుతున్నావనుకుని మరింత రెచ్చిపోతుంది.

చలికాలంలో అక్కడ గదుల్లో కట్టెల పొయ్యి పెడతారు. దాని ఇనుప గొట్టం కాలిపోతూ ఉంటుంది, చలికి వణికే కుక్క నేరుగా వెళ్ళి దానికే ఆనుకుంటుంది. అడ్డంగా కుర్చీ వేయి. నిప్పులు ఉండగా కిటికీలన్నీ బిగించి నిద్రపోవద్దు, ఆ పొగలోని విషవాయువు మీ ఇద్దరికీ ప్రాణాంతకం.

చీకటి పడ్డాక బ్రూనోను గొలుసు లేకుండా గడప దాటించవద్దు. ఈ మాట మాత్రం తేలిగ్గా తీసుకోకు. హిమాచల్‌లో చిరుతలు ఊళ్ళ అంచులదాకా వస్తాయి, కుక్కలు వాటికి సులువుగా దొరుకుతాయి. అక్కడి గద్దీ తెగ గొర్రెలకాపరులు తమ కుక్కల మెడకు మేకులు దేలిన ఇనుప పట్టీలు కట్టేది, చిరుత మొదట మెడనే పట్టుకుంటుంది కాబట్టే. రాత్రి బయటికి తీసుకువెళ్ళక తప్పకపోతే టార్చి పట్టుకుని, పొట్టి గొలుసుతో, దీపం వెలుగు పడే చోటనే పని ముగించుకుని వచ్చేయి.

తిండి విషయంలో తోటి యాత్రికులతోనే జాగ్రత్త. వాళ్ళు ముద్దుగా తమ పళ్ళెంలోంచి నెయ్యి కారే సిడ్డూ (ఆవిరిపై ఉడికించే అక్కడి గోధుమ రొట్టె) ముక్కో, ఉల్లిపాయ వేసిన రాజ్మానో పెడతారు. ఉల్లిపాయ, చాక్లెట్, ఎండుద్రాక్ష కుక్కకు విషమేనని ముందే నవ్వుతూ చెప్పు. కడుపునొప్పి అనుకుని మన పారాసెటమాల్ వేయవద్దు. రాత్రివేళ ఆ కొండల్లో పశువైద్యుడు దొరకడం కష్టం. ఔట్ అనే ఊరి దగ్గర మనాలి రోడ్డు వదిలి బంజార్ వైపు తిరిగాక దారి ఇరుకు, మలుపులు ఎక్కువ, కుక్కకు కడుపులో తిప్పుతుంది కాబట్టి బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే అన్నం పెట్టేయి.

మరునాడు జలోరీ కనుమకు వెళ్దామనుకుంటే అది 3,120 మీటర్ల ఎత్తు, మంచు కురిస్తే దారి మూసుకుపోతుంది, హాస్టల్‌వారిని అడిగి బయలుదేరు. మంచులో నడిచి వచ్చాక కాలివేళ్ళ మధ్య గడ్డకట్టిన ముద్దలను గోరువెచ్చని నీళ్ళతో కరిగించి, తడి లేకుండా తుడువు. దగ్గర్లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపలికి కుక్కతో పోవాలన్న ఆలోచన మానుకో. పెంపుడు కుక్కల జబ్బులు అడవి జంతువులకు అంటుకుంటాయి.

గది ఖాళీ చేసేటప్పుడు దుప్పట్ల మీద వెంట్రుకలు నీవే దులిపి, తలుపు గీరి ఉంటే వాళ్ళు చూడకముందే చెప్పి డబ్బు ఇచ్చేయి. బ్రూనో టీకాల కార్డు ఫోటో తీసి నాకు పంపు. రేబీస్ బూస్టర్ గడువు దాటి ఉంటే ఈ వారంలోనే వేయించు.

ఇట్లు,
మీ పెదనాన్న